మా హెచ్చెమ్ గారిని బదిలీ చేయకండి

గౌరవనీయులైన విద్యాధికారి గారికి,

తమిళనాడులో రాజపాళయం దగ్గరి చోళపురంలో కాపురముంటూ, చుట్టుపక్కల ఒక బడిలో పాఠాలు చెప్పుకునే ఉపాధ్యాయుడి బహిరంగ విన్నపం. బడి పేరు అడగకండి, అందరం ఉద్యోగాలు చేసుకోవాల్సినవాళ్ళం.

అయ్యా,

బదిలీల కౌన్సెలింగ్ దగ్గరపడుతోంది. మా హెచ్చెమ్ గారు వెళ్ళిపోతారని వింటున్నాం. దయచేసి వద్దు. ఆయనతో నెగ్గుకురావడం మాకు ఇప్పుడిప్పుడే అలవాటైంది. కొత్తవారొస్తే మళ్ళీ అ ఆల నుంచి మొదలుపెట్టాలి.

ఏదడిగినా ఆయన "చూద్దాం" అంటారు. అందుకని అడగడం మానేశాం. పని చేసేసి, "నిన్న తమరు చెప్పినట్టే చేశాం సార్" అంటాం. ఆయన ఏమీ చెప్పి ఉండరు. అయినా మొహం వెలిగిపోతుంది. ఉదయం ఒక సర్క్యులర్ వస్తుంది, మధ్యాహ్నం దాన్ని కొట్టేస్తూ ఇంకోటి వస్తుంది. కాబట్టి సత్తుణవు (మధ్యాహ్న భోజనం) గంట కొట్టేదాకా ఏదీ చదవం. ఆయన వరండాలోకి వస్తే స్టాఫ్ రూములో మాట తెలుగులోకి తిరుగుతుంది. ఆయనకు తెలుగు రాదు, పాఠాల గురించి చర్చిస్తున్నామనుకుని తలాడించి వెళ్తారు.

హాజరు మూడుసార్లు వేస్తాం. రిజిస్టరులో ఒకసారి, విద్యాశాఖవారి ఎమిస్ యాప్‌లో ఒకసారి, "నా రెఫరెన్స్‌కి" అంటూ ఆయన అడిగే తెల్లకాగితం మీద ఒకసారి. 2009 విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ ప్రకారం జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప చదువుకు సంబంధం లేని పనులకు ఉపాధ్యాయుల్ని వాడకూడదు. ఆ తెల్లకాగితాన్ని మేము విపత్తు సహాయం కింద రాసుకున్నాం.

లాబ్ తాళంచెవి మాత్రం ఏ ఉపాయానికీ లొంగలేదు. మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా చేసిన రాజపాళయం వాసి పి.ఎస్. కుమారస్వామి రాజా తన ఇంటినే గాంధీ కలై మన్రం అనే సంస్థకి ఇచ్చేశారు. అదే గాలి పీలుస్తూ మా సారు ఒక తాళంచెవి ఇవ్వలేకపోతున్నారు. గాజుసామాను పగులుతుందట. పగలలేదు నిజమే. పిల్లలు చూడనూ లేదు.

ఇంతా రాశాక ఒక సంగతి దాచడం న్యాయం కాదు. మా విరుదునగరం జిల్లా ఒకప్పుడు ప్లస్ టూ ఫలితాల్లో ఏళ్ళ తరబడి మొదటి స్థానంలో ఉండేది. ఆ పరువు బరువు ఇప్పటికీ ప్రతి హెచ్చెమ్ నెత్తిమీదా ఉంది. అర్ధ సంవత్సర పరీక్షల్లో తప్పినవాళ్ళకి సాయంత్రం క్లాసులని మా సారు సర్క్యులర్ వేశారు. ఎవరు చెప్పాలో రాయడం మరిచారు. ఎవరూ వెళ్ళలేదు. ఎండ వాలుతుంటే చూద్దును కదా, ఆయనే సుద్దముక్క పట్టుకుని త్రికోణమితి చెబుతున్నారు. బడి గోడ నీడ కొలిచి గోడ ఎత్తెంతో పిల్లల చేతే చెప్పించారు. వెనక బెంచీవాడు, నా క్లాసులో నిద్రపోయేవాడు, లేచి నిలబడి తప్పు దిద్దాడు. ఆయన నవ్వారు. హెచ్చెమ్ కుర్చీలో కూర్చున్నాక ఆయన నవ్వగా నేను చూడలేదు.

లెక్కల మాస్టారిగా ఉన్న ఆయన పేరు సీనియారిటీ జాబితాలో పైకొచ్చింది, కుర్చీ ఇచ్చారు. మనుషులు చేతకాని పని దగ్గరికి చేరేదాకా పదోన్నతి పొందుతూనే ఉంటారని లారెన్స్ పీటర్, రేమండ్ హల్ 1969లో పుస్తకమే రాశారు. ఎనిమిదో తరగతి దాకా చెప్పేవాళ్ళు పదోన్నతి కోరితే ఉపాధ్యాయ అర్హత పరీక్ష టెట్ పాసవ్వాల్సిందేనని 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు చెప్పింది. మంచిదే. కాని టెట్ చూసేది పాఠం చెప్పడం వచ్చా అని. అది ఆయనకు మా అందరికంటే బాగా వచ్చు. సెలవు చీటీ మీద సంతకం పెట్టాలా వద్దా తేల్చుకోవడం, ఇద్దరు టీచర్ల తగువు తీర్చడం, లాబ్ తలుపు తియ్యడం రావు. వాటిని ఆయనకు నేర్పినవాళ్ళూ లేరు. ఒక్క ఉత్తర్వుతో మంచి లెక్కల మాస్టారిని పోగొట్టుకుని, తడబడే హెచ్చెమ్‌ని తెచ్చుకున్నాం.

అందుకని విన్నపం కొంచెం మారుస్తున్నాను. ఆయన్ని ఇక్కడే ఉంచండి, జీతం తగ్గించకండి, గౌరవం తగ్గించకండి. కుర్చీ మాత్రం నిర్వహణ తెలిసినవారికి ఇవ్వండి. తొమ్మిదో తరగతి బి సెక్షన్‌కి సోమవారం రెండో పీరియడ్ లెక్కలు చెప్పేవారెవరూ లేక ఖాళీగా ఉంది. ఆ టైమ్ టేబుల్ మేమే వేశాం, తానే వేశానని ఆయన అనుకుంటున్నారు. కాబట్టి అభ్యంతరం చెప్పరు.

ఇట్లు,
తమ విధేయుడు,
పేరు రాస్తే రేపటి సర్క్యులర్‌లో ఎక్కే ఉపాధ్యాయుడు, చోళపురం