గ్రీనిచ్ బొమ్మల హాలూ, చెవుల్లో గైడులూ

మా రోజుల్లో గ్రీనిచ్ వెళ్లడమంటే ఇంటిల్లిపాదీ ఒకే బొమ్మ కింద నిలబడి చూడడం. ఇప్పుడు ఎంతమంది వెళ్తే అన్ని ఫోన్లు, ఎన్ని చెవులుంటే అన్ని గొంతులు. మొన్న సెలవుల్లో కొడుకూ కోడలూ మనవలూ మేమిద్దరమూ కలిసి పెయింటెడ్ హాలుకి వెళ్లొచ్చాం. కలిసి వెళ్లిన మాట నిజమే. కలిసి చూశామా అంటే మాత్రం లేదనే చెప్తాను. మనసు కష్టపడింది కాబట్టే ఇది రాస్తున్నాను.

లండన్‌లో థేమ్స్ ఒడ్డున వయసు మళ్లిన నావికుల కోసం, యుద్ధాల్లో కాళ్లూ చేతులూ పోగొట్టుకున్నవాళ్ల కోసం, క్రిస్టఫర్ రెన్, నికొలస్ హాక్స్‌మూర్ కలిసి కట్టిన ఆశ్రమంలో భోజనాల గది ఇది. జేమ్స్ థార్న్‌హిల్ అనే చిత్రకారుడు 1707లో మొదలుపెట్టి 1726 దాకా దీని గోడలూ పైకప్పూ బొమ్మలతో నింపాడు. మొత్తం 40,000 చదరపు అడుగులు. పైకప్పుకి చదరపు గజానికి 3 పౌన్లు, గోడలకి 1 పౌను కూలి. తీరా పూర్తయ్యాక హాలు ఎంత ఘనంగా వచ్చిందంటే, ఆ ముసలి నావికులకి అందులో రోజూ విస్తరి వెయ్యడానికి పెద్దలకి మనసొప్పలేదు. వాళ్ల తిండి కింద నేలమాళిగలోకి పోయింది.

మా పిల్లలు చిన్నవాళ్లుగా ఉన్నప్పుడు ఆ భవనాలు ఇంకా నౌకాదళం చేతిలోనే ఉండేవి. మధ్యాహ్నం పూట కాసేపు తలుపులు తీసేవారు. టికెట్టు లేదు. అధికారుల రాత్రి భోజనానికి పొడుగాటి బల్లలు వేసి ఉండేవి. డాక్‌ల్యాండ్స్ రైలు అప్పట్లో ఏటికి ఇవతలి ఒడ్డున, ఐలాండ్ గార్డెన్స్‌లోనే ఆగిపోయేది. అక్కణ్నుంచి 1902లో తవ్విన సొరంగంలో, థేమ్స్ అడుగున నడిచి అవతలికి వెళ్లాలి. తెల్ల పలకల గోడల మధ్య పిల్లలు కేకలేసుకుంటూ, ప్రతిధ్వని వింటూ పరిగెత్తేవారు. మా ఆవిడ పులిహోర, పెరుగన్నం డబ్బాల్లో పెట్టి తెచ్చేది. పార్కులో గడ్డి మీద కూర్చుని తిని, చేతులు కడుక్కుని హాల్లోకి వెళ్లేవాళ్లం.

లోపలికి అడుగు పెట్టాక ఒకరు చెప్పాలి, మిగిలినవాళ్లు వినాలి. మాకు తెలిసిన పద్ధతి అదొక్కటే. మాది హిందూపురం వైపు. లేపాక్షి గుడి పైకప్పు మీది వీరభద్రస్వామి బొమ్మ కింద నన్ను నిలబెట్టి, ఆయన పాదాల దగ్గర చేతులు జోడించిన, ఆ గుడి కట్టించిన విరూపణ్ణ అన్నదమ్ముల్ని మా తాత వేలితో చూపించి చెప్పాడు. పైకప్పు మీది బొమ్మని ఎలా చూడాలో నేను అక్కడ నేర్చుకున్నాను. గ్రీనిచ్‌లో మా పిల్లలకి అలాగే చెప్పాను. నడిమధ్యలో సింహాసనం మీద కూర్చున్నవాళ్లు ఇంగ్లండు రాజూ రాణీ, విలియం, మేరీ. విలియం కాలి కింద విరిగిన కత్తి పట్టుకుని పడి ఉన్నవాడు ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీ. ఆ మూల చూడండి, ముడుచుకుని చలి కాచుకుంటున్న తెల్లగడ్డం ముసలాయన శీతకాలం. ఆ ముఖం ఊహించి వేసింది కాదు. ఆశ్రమంలోనే ఉన్న జాన్ వర్లీ అనే తొంభై దాటిన నావికుణ్ని చూసి థార్న్‌హిల్ గీశాడు. రాజులూ దేవతలూ ఉన్న ఆ పైకప్పు మీద ఆశ్రమంలో కూడు తినే మనిషికి కూడా చోటిచ్చాడు. నాకు ఆ హాల్లో అన్నిటికన్నా ఇష్టమైన బొమ్మ అదే.

ఖగోళ శాస్త్రవేత్త జాన్ ఫ్లామ్‌స్టీడ్ దగ్గరికి వస్తే మా అమ్మాయి కదిలేది కాదు. ఆయన చేతిలో కాగితం మీద సూర్యగ్రహణం లెక్క ఉంది. తేదీ 1715 ఏప్రిల్ 22. ఆ బొమ్మ వేసేనాటికి గ్రహణం ఇంకా రాలేదు. లెక్క తప్పితే ఆ తప్పు అందరి నెత్తిమీదా కలకాలం ఉండిపోయేది. "వచ్చిందా నాన్నా మరి?" అని ప్రతిసారీ అడిగేది. వచ్చింది, చెప్పిన రోజే వచ్చింది.

పడమటి గోడ మీద జార్జి రాజు కుటుంబం పక్కన థార్న్‌హిల్ తన్ను తానే వేసుకున్నాడు. ఒక చెయ్యి చాచి ఉంటుంది. కూలి చాల్లేదని అడుగుతున్నాడని కొందరంటారు. ఆ చెయ్యి ఎందుకో మా పిల్లలిద్దరూ రైల్లో ఇంటిదాకా వాదించుకునేవారు.

ఇప్పుడు రైలు నేరుగా కట్టీసార్క్ స్టేషన్‌కి పోతుంది, సొరంగం సంగతి మనవలకి తెలియదు. అది పోనివ్వండి. హాల్లో పైకి చూడ్డానికి పడుకునే మెత్తటి పరుపు బల్లలు వేశారు. నా మెడకి అవి హాయి, కాదనను. పైకప్పు కూడా నిజంగా బాగుంది. మా రోజుల్లో మసక వార్నిష్ కింద సగం రంగులు కనబడేవే కావు. 2016లో పరంజాలు కట్టి, 85 లక్షల పౌన్లు ఖర్చుపెట్టి శుభ్రం చేసి 2019లో తెరిచారు. ఆ పని చేసినవాళ్లకి దండం పెట్టాలి.

అంత తేటగా కనబడుతున్న బొమ్మ కింద మావాళ్లు చేసిందేమిటి? పెద్ద మనవడు పడుకున్నాడు, ఫోన్ ఎత్తాడు, మొత్తం పైకప్పుని ఒక్క ఫొటోలో పట్టేశాడు, ఇక ఆ ఫొటోకి రంగులు సరిచేస్తూ ఉండిపోయాడు. అసలు రంగులు వాడి నెత్తిమీదే ఉన్నాయి. నేను లూయీని చూపించబోతే చెవిలోది ఒకటి తీసి, "తాతయ్యా, ఇందులో చెప్తున్నాడు" అని మళ్లీ పెట్టుకున్నాడు. చిన్నది వేరే బల్ల మీద వేరే భాగం వింటోంది. అన్న నవ్వినచోట దానికి నవ్వు రాలేదు, అది ఆశ్చర్యపోయినచోట చెప్పుకోడానికి పక్కన ఎవరూ లేరు. "వాళ్ల మానాన వాళ్లని విననీ నాన్నా" అన్నాడు మా అబ్బాయి. గ్రహణం దగ్గర చెల్లెలితో పాటు నన్ను పట్టుకుని వదలనివాడే వీడు!

వాళ్ల చెవుల్లోని ఆ ఆడియో గైడులో గొంతు తప్పులు చెప్పదు, మంచి ఇంగ్లీషు. కానీ "మరి వచ్చిందా?" అని అడిగితే దానికి వినబడదు. పిల్ల ముఖం చూసి ఇంకాస్త ఆగుదామని దానికి తోచదు. పైగా థార్న్‌హిల్ ఈ బొమ్మలు చెప్పించుకోడానికే వేశాడు. ఏ బొమ్మ ఏమిటో వివరిస్తూ తనే ఒక చిన్న పుస్తకం రాశాడు. అది పట్టుకుని ఆశ్రమంలోని ముసలి నావికులే వచ్చినవాళ్లని వెంటబెట్టుకుని తిప్పి చూపించి నాలుగు డబ్బులు సంపాదించుకునేవారు. ఓ చెయ్యి లేని నావికుడు రెండో చేత్తో పైకి చూపిస్తూ సముద్రం మీద తిన్న దెబ్బల గురించి చెప్తుంటే విన్న పిల్లలు అదృష్టవంతులు. 1806 జనవరిలో నౌకాదళ సేనాని నెల్సన్ శవపేటిక ఈ హాల్లోనే ఉంచితే వేలమంది వచ్చి చూసిపోయారు. ఆయనతో కలిసి సముద్రం మీద తిరిగినవాళ్ల నోటి మాటకి ఏ యంత్రం సాటి?

వేసవిలో మళ్లీ వెళ్దామని మా కోడలితో ఇప్పుడే అనేశాను: "అమ్మా, ఈసారి గైడు ఒక్కటి కూడా తీసుకోవద్దు. ఫోన్లు నీ సంచిలో వేసెయ్యి. గ్రహణం సంగతి మా అబ్బాయి చెప్తాడు, చిన్నప్పుడు విన్నవాడే కదా. థార్న్‌హిల్ చెయ్యి గురించి నువ్వు చెప్పు. చలి కాచుకునే ముసలాయన దగ్గర మాత్రం నేనే చెప్తాను."