నా మీద ఏ కేసూ లేదు

నేను పోలీసు కాగితాన్ని. కంగారు పడకండి, ఎఫ్‌ఐఆర్‌ని కాను. ఆస్ట్రేలియా ఫెడరల్ పోలీసులిచ్చే సర్టిఫికెట్‌ని. ఫలానా పేరున్న, ఫలానా తేదీన పుట్టిన మనిషి మీద ఇక్కడి పోలీసు రికార్డుల్లో చెప్పదగ్గ కోర్టు తీర్పేదీ లేదని చెప్పడమే నా ఉద్యోగం. నా ఒంటి మీద రాత తక్కువ, ఖాళీ ఎక్కువ. ఆ ఖాళీకే విలువ.

మావాడిది నరసరావుపేట. హైదరాబాదులో ఉద్యోగం చేసి చేసి, ఈడువాళ్ళంతా ఇల్లు కట్టుకునే వయసులో మాస్టర్స్ అంటూ మెల్‌బోర్న్ వచ్చాడు. 36 ఏళ్ళు. చదువు అయ్యాక ఇక్కడే కొంతకాలం పని చేసుకోనిచ్చే 485 వీసా మీదే ఆశంతా. అప్పటిదాకా 50 ఏళ్ళ లోపు వాళ్ళందరికీ అది అందుబాటులో ఉండేది. 2024 జులై 1 నుంచి 35 దాటితే కుదరదన్నారు. పీహెచ్‌డీ, రీసెర్చ్ మాస్టర్స్ చేసినవాళ్ళకి మినహాయింపు ఉంది కానీ, మావాడిది కోర్స్‌వర్క్. యూనివర్సిటీ వాళ్ళ కంప్లీషన్ లెటరేమో జూన్ ఆఖరి వారంలో గానీ చేతికి రాలేదు.

జూన్ 30, ఆదివారం రాత్రి. నేనింకా పుట్టలేదు; ఫైల్లో నా పక్కనుండే పాస్‌పోర్టు చెబితే తెలిసిన సంగతులివి. మెల్‌బోర్న్ శివారు టార్నీట్‌లో నలుగురుండే అద్దె ఇల్లు. తిన్న కంచాలు ఒక పక్కకి జరిపి, అదే టేబుల్ మీద లాప్‌టాప్ పెట్టుకుని ఫారం నింపుతున్నాడు. ఇంగ్లీషు పరీక్ష స్కోరు ఉంది, ఇన్సూరెన్స్ ఉంది. పోలీస్ చెక్, అంటే నేనుండాల్సిన గడి, దగ్గరకొచ్చి చెయ్యి ఆగింది.

"అది తర్వాత అప్‌లోడ్ చేసుకోవచ్చన్నా, నేనూ అలాగే చేశా" అన్నాడు రూమ్మేటు.

అబద్ధం కాదు. అతనూ సర్టిఫికెట్ తర్వాతే పెట్టాడు. కాకపోతే దానికి అప్లై చేసిన రసీదు మాత్రం ముందే పెట్టాడు. ఆ ముక్క చెప్పాలని అతనికి తట్టలేదు, అడగాలని మావాడికి తట్టలేదు. రాత్రి పన్నెండు లోపు దరఖాస్తు పంపేసి ఇద్దరూ టీ తాగారట.

485.213 నిబంధన చెప్పేదేమిటంటే, వీసాకి దరఖాస్తు చేసే రోజుకు ముందు 12 నెలల్లో పోలీస్ చెక్‌కి అప్లై చేసి ఉండాలి, ఆ రుజువు దరఖాస్తుతో పాటే ఉండాలి. చూశారా, నా ఊసే లేదు! నేను నెల తర్వాత తీరిగ్గా వచ్చినా అడిగేవాడు లేడు. అసలు కాగితాన్ని వదిలేసి రసీదుకి పీట వేసిన చోటు ఇదొక్కటే అనుకుంటాను.

జులై 2న మావాడు నాకోసం అప్లై చేశాడు. కాన్‌బెర్రాలో పుట్టాను, మచ్చ లేకుండా. నన్ను అప్‌లోడ్ చేసి, ఇంక అన్నీ పెట్టేశానని ఇంటికి ఫోన్ చేసి చెప్పాడు కూడా.

మరుసటి ఏడు, 2025 తొలి సగంలో, రిఫ్యూజల్ ఈమెయిల్ వచ్చింది. కారణం చదివి, నన్ను తీసి లైటు కింద పెట్టి తేదీ చూశాడు. ఒకసారి చూసి ఊరుకోలేదు, వేలితో గీకి మరీ చూశాడు.

మైగ్రేషన్ ఏజెంటు మొహమాటం లేని మనిషి. "28 రోజుల్లో ట్రిబ్యునల్‌కి వెళ్ళాలి. ఫీజు 3,496 డాలర్లు, గెలిస్తే సగం వెనక్కిస్తారు" అన్నాడు. పాత ట్రిబ్యునల్‌ని ఎత్తేసి, 2024 అక్టోబరు 14 నుంచి అడ్మినిస్ట్రేటివ్ రివ్యూ ట్రిబ్యునల్ అని కొత్తది పెట్టారు. అది కేసును మొదటి నుంచీ చూస్తుంది, కొత్త కాగితాలూ తీసుకుంటుంది. ఆఫీసరు తేదీ తప్పు చదివినా, పెట్టిన రసీదును చూడకపోయినా అక్కడ సరిదిద్దుతారు. "మీ కేసులో ఆఫీసరు తప్పు చదవలేదండీ. జాలిపడి నిబంధన పక్కన పెట్టే అధికారం ట్రిబ్యునల్‌కీ లేదు. ఆ పై కోర్టు చట్టపరమైన పొరపాటుంటేనే చూస్తుంది" అని కూడా చెప్పాడు.

అయినా మావాడు దగ్గర దగ్గర రెండు లక్షల రూపాయలు కట్టాడు. మూర్ఖత్వమని నేననను. స్టూడెంట్ వీసా గడువు అయిపోయింది, పైగా రిఫ్యూజల్ పడింది కనక, మైగ్రేషన్ చట్టం 48వ సెక్షన్ కింద దేశంలో ఉండి వేరే వీసాకి వెళ్ళే దారులు దాదాపు మూసుకుపోయాయి. రివ్యూ నడిచినన్నాళ్ళూ బ్రిడ్జింగ్ వీసా అనే తాత్కాలిక వీసా ఉంటుంది, పని చేసుకోవచ్చు, బ్యాంకు అప్పు కొంత తీరుతుంది. ట్రిబ్యునల్ వరసలో నిలబడ్డవాళ్ళంతా న్యాయం కోసమే నిలబడ్డారని నేను నమ్మను. గడువు కొనుక్కునేవాళ్ళూ ఉంటారు. మంచి కంపెనీలు మాత్రం బ్రిడ్జింగ్ వీసా అనగానే "మళ్ళీ చెబుతాం" అంటున్నాయి. అందుకే రాత్రిళ్ళు గిడ్డంగిలో పెట్టెలు మోస్తున్నాడు.

ఈలోగా నరసరావుపేటలో, పోలీసు కాగితం వల్ల వీసా పోయిందని పాకిపోయింది. వాళ్ళ నాన్న రిటైరైన గుమాస్తా.

"ఏం చేశావురా అక్కడ?"

"ఏమీ చెయ్యలేదు నాన్నా. అందులో రాసిందే అది."

"మరి?"

"అప్లై చెయ్యడం రెండ్రోజులు ఆలస్యమైంది."

పెద్దాయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. "ఆ మాత్రానికా? మా ఆఫీసులో అయితే పాత తేదీ వేసి ఇచ్చేవాళ్ళం కదరా" అన్నాడు.

హియరింగ్ తేదీ ఇంకా రాలేదు. నాకేమో 12 నెలలూ నిండిపోయాయి, ఇప్పుడు వీసా వాళ్ళ దగ్గర చెల్లను. ఏజెంటు చెప్పాడని మొన్న కొత్త సర్టిఫికెట్‌కి అప్లై చేశాడు. రసీదు వచ్చిందో లేదో, అన్నం కలుపుతున్న చెయ్యి కడుక్కుని వచ్చి, ముందు దాన్ని ఏజెంటుకి పంపించాడు.