పార్టిషన్

కొత్త ల్యాప్‌టాప్ వచ్చి పదకొండు రోజులైంది. తెర మీద ప్లాస్టిక్ పొర ఇంకా తియ్యలేదు. తీస్తే అది నాదైపోతుంది, నాదైతే సంగతి తేల్చాలి. విండోస్ కొబ్బరికాయలో నీళ్ళలా దాంతోపాటే వచ్చింది. పక్కన లైనక్స్ కూడా వేసుకుని డ్యూయల్ బూట్ చెయ్యాలా, అక్కర్లేదా?

"వేసుకో మావయ్యా, అరగంట పని" అంటాడు మా మేనల్లుడు. వాడికి లోకంలో ప్రతి పనీ అరగంటే. పోయిన సంక్రాంతికి మా కుళాయి వాషరు అరగంటలో మారుస్తానన్నాడు. భోగినాడు పోయిన నీళ్ళు కనుమనాడొచ్చాయి.

విండోస్ వదలడానికి వీల్లేదు. యూనికోడ్‌లో వ్యాసం పంపితే మా సంపాదకుడు "అనూ ఫాంట్లలో పంపండి" అంటాడు, దానికి విండోస్ కావాలి. మరి లైనక్స్ ఎందుకంటే, 1991లో హెల్సింకీలో చదువుకుంటూ లైనస్ టోర్వాల్డ్స్ దాన్ని సరదాకే మొదలెట్టాడు. నాదీ సరదాయే. మా ఆవిడ మాత్రం "ఒకదాంట్లో రాసేదే కనబడదు, రెండోది ఎందుకండీ?" అంది. కొన్ని ప్రశ్నలకి జవాబు చెప్పకపోవడమే మర్యాద.

ఇన్‌స్టాల్ చెయ్యబోతే వచ్చే మొదటి గండం పేరు పార్టిషన్. ఆ మాట వింటే కుర్రాళ్ళకి డిస్కు గుర్తొస్తుందేమో. నాకు గుర్తొచ్చేది 1987 వేసవి, మా వసారాలో టేపు పట్టుకుని నిలబడ్డ కరణం గారు. కరణీకాలు 1984లోనే రద్దయ్యాయి గానీ మా ఊళ్ళో ఆ సంగతి ఆయనకెవరూ చెప్పినట్టు లేదు. నాన్నకీ బాబాయికీ ఇల్లు పంచుతున్నారు. నడిమింటికి అడ్డంగా సున్నపు గీత పడింది. నుయ్యి ఉమ్మడి, వీధి గుమ్మం ఉమ్మడి. చింతచెట్టు మాత్రం మొదలు మా వాటాలో, కాయలన్నీ బాబాయి వాటాలో. ఆ చెట్టు దగ్గర పంచాయితీ నాలుగు రోజులు ఆగింది. "కాయ మీదైతే ఊడ్చే ఆకు కూడా మీదే" అని మేం, "వేరు ఉమ్మడి నూతి నీళ్ళు తాగుతోంది" అని వాళ్ళు. పెద్దమనుషులు మా ఇంట్లో పెసరట్లు తిని వాళ్ళవైపు, వాళ్ళింట్లో గారెలు తిని మావైపు మాట్లాడారు. ఇంతలో నాయనమ్మ ఎవరి వాటానో రాయడం అందరూ మర్చిపోయారు. ఆవిడ పొద్దున్న కాఫీకి మా వైపు, రాత్రి మజ్జిగన్నానికి అటువైపు. డ్యూయల్ బూట్ మా ఇంట్లో అప్పుడే ఉంది.

డిస్కు పంపకమూ అచ్చం అలాగే. 512 జీబీకి అడ్డంగా గీత. ఉమ్మడి వీధి గుమ్మాన్ని ఈఎఫ్ఐ పార్టిషన్ అంటారు. ఆ గుమ్మంలో గ్రబ్ అని ఒక కరణం కూర్చుని, "ఏ ఇంటికి?" అనడిగి, పది లెక్కపెట్టేలోగా మనం చెప్పకపోతే తనే ఒక ఇంట్లోకి తోసేస్తాడు. మధ్యలో విండోస్ కాపలాదారు బిట్‌లాకర్‌కి అనుమానం వచ్చిందా, 48 అంకెలు అప్పజెప్పాలి. మా ఆవిడ ఫోన్ నంబరే నాకు ఆరో అంకె దగ్గర ఆగిపోతుంది. ఇక గడియారం. లోపల ఉన్నది ఒక్కటే. అందులో ఉన్నది మన ఊరి టైమని విండోస్, కాదు యూటీసీ అని లైనక్స్. దిద్దుకోకపోతే, అటు వెళ్ళి ఇటొచ్చేసరికి ఐదున్నర గంటలు గల్లంతు. ఒంటిగంటకి భోజనానికి లేవబోతే పొద్దున్న ఏడున్నర! మళ్ళీ టిఫిన్ అడగొచ్చు, పెట్టేవాళ్ళుంటే.

"పంపకం వద్దంటే వర్చువల్ మిషన్ పెట్టుకో" అన్నాడు మేనల్లుడు. అంటే గది అద్దెకివ్వడం. "అదీ కాకపోతే డబ్ల్యూఎస్ఎల్." అంటే విండోస్ ఇంట్లో లైనక్స్ ఇల్లరికం. అల్లుడు ఇంట్లోనే ఉంటాడు, పనీ చేస్తాడు, తాళాలు మాత్రం మామగారి మొలలో.

"ముందు ముందు వద్దనిపిస్తే మళ్ళీ కలిపెయ్యొచ్చా?" అని అడిగాను.

"విడగొట్టినంత తేలిక కాదు మావయ్యా. మధ్యలో ఇంకో పార్టిషన్ అడ్డముంటే కలవవు."

బాబాయి పోయిన ఏడాదికి నాన్న మేస్త్రీని పిలిపించారు, నడిమింట్లో ఆ గీత మీద లేచిన గోడ తీయించేద్దామని. మేస్త్రీ గోడ తట్టి, పైకి చూసి, "దూలం ఇప్పుడు దీనిమీదే ఆనుకుందండీ" అన్నాడు. పిన్ని అటువైపు నుంచి చుట్టూ తిరిగి వచ్చి కాఫీ ఇచ్చింది. అతను తాగి వెళ్ళిపోయాడు. నాన్న చీకటిపడేదాకా అక్కడే కూర్చున్నారు.

రాత్రి వాడు ఫోన్ చేశాడు. "అయిపోయిందా మావయ్యా?"

"ప్లాస్టిక్ పొర తీశాన్రా" అన్నాను.