తల మనది, క్రాఫు హీరోది

నటి సాధన నుదురు మరీ వెడల్పని, 1960 నాటి ‘లవ్ ఇన్ సిమ్లా’ కోసం ముందు జుట్టు కత్తిరించి నుదుటి మీదికి దించారు. ఆ అవసరం ఆమె ఒక్కరిది. రెండు వేళ్ల నుదురు కూడా లేనివాళ్లు సైతం ఊరూరా ‘సాధన కట్’ కొట్టించుకుని, ఉన్న కాస్తా కప్పేసుకున్నారు.

మగమహారాజులేమైనా తక్కువ తిన్నారా? 2003లో ‘తేరే నామ్’ చూసి నడినెత్తిన పాపిడి తీసి, కళ్లు కనపడనంతగా జుట్టు పెంచారు. 2008లో ఆమిర్‌ఖాన్ ‘గజిని’ రాగానే అదే నెత్తి మీద మిషన్ పెట్టించి, గాటుతో సహా గీయించుకున్నారు. ‘పుష్ప’ వచ్చాక మళ్లీ పెంపకం!

ఇప్పుడు సెలూన్‌లో మెడకు గుడ్డ కట్టకముందే ఫోన్ తీసి హీరో ఫొటో చూపిస్తున్నారు. కటింగ్ చేసే ఆయన ఫొటో చూస్తాడు, తల చూస్తాడు, నడినెత్తిన పలచబడ్డ చోట ఒక్క క్షణం ఆగి ‘అలాగే సార్’ అంటాడు. ఆయన సంస్కారం అలాంటిది.

నలభై దాటాక స్టైల్ మార్చేది మనం కాదు, జుట్టే. పాపిడి మెల్లగా చెవి పక్కకు జరుగుతుంది. అక్కణ్నుంచి నాలుగు వెంట్రుకలు బట్టతల మీదుగా అవతలి చెవికి వంతెన కడతాయి. ఫ్యాన్ కింద కూర్చుంటే అదీ లేచిపోతుంది.

ఏ మొహానికైనా ఒకేలా నప్పే స్టైల్ తిరుమల కల్యాణకట్టలో ఉంది. ఫొటో చూపించక్కర్లేదు, పైసా కట్టక్కర్లేదు.