ముందు మూలమెత్తి: ఒక లినక్సు పద్యమునకు టీకాతాత్పర్యములు

మూలము

ఆ.వె.
ముందు మూల మెత్తి మూటగట్టక నీవు
చెఱుపఁబోకు డిస్కు, చేటు వచ్చు;
తీసి దాఁచి దానిఁ దెఱచి చూచిన వెన్క
కొత్త పక్షి నెక్కు కోవిదుండ!

అవతారిక

తన పద్యమునకు తానే వ్యాఖ్య వ్రాసికొనుట మర్యాద కాదని పెద్దలందురు. కాని లాప్‌టాప్‌లో కంపెనీవారు నిలిపియిచ్చిన సిస్టమును భద్రపరచుకొను విధమును గూర్చిన ఆటవెలదికి మరియొకడు పూనుకొని టీక వ్రాయునను ఆశ నాకు లేదు గనుకను, మూలములో లేని దొక్కటియు వ్రాయనని ప్రతినపట్టిన కోలాచలము మల్లినాథసూరి పుట్టిన తెలుగునేలపై మూలమునే పోగొట్టుకొని విలపించువారు నానాటికి హెచ్చుచున్నారు గనుకను, ఈ సాహసమునకు ఒడిగట్టితిని. మూలకర్తను ఇకమీద కవి యనియే పేర్కొందును. వ్యాఖ్యాతకు కవితో పరిచయమున్నట్లు కనబడరాదు.

సందర్భ మిట్టిది. బేతంచెర్ల బండల ఊరు. ద్రోణాచలమునకును నంద్యాలకును నడుమ రైలులో పోవువానికి కిటికీలోనుండి కనబడు నాపబండల దొంతరలును, చెట్ల ఆకులపై సైతము పేరుకొన్న తెల్లని రాతిదుమ్మును చూచినచో స్టేషను పేరు చదువ నక్కరలేదు. ఇచట ఎవడు "ఫ్యాక్టరీ" యన్నను బండలు కోసి పాలిషు పట్టు షెడ్డని యర్థము. అట్టి ఫ్యాక్టరీ యజమాని యొకడు జీఎస్టీ లెక్కల నిమిత్తము లాప్‌టాప్ కొని, దానిలో ట్యాలీ వేయించుకొని సుఖముగా నుండగా, ఇంజనీరింగు చదువుచు సెలవులకు వచ్చిన కుమారరత్నము జేబులోని పెన్‌డ్రైవు తీసి దానిలో లినక్సు ఎక్కింప నుంకించెను. "ట్యాలీ పోతే ఎట్లరా? నెలాకరు లెక్కలు ఎవురు జేస్తారు?" అని తండ్రి, "ఏం పోదు నాయనా, పది నిమిషాల్లో అయిపోతాది" అని కొడుకు. ఆ పది నిమిషములకు ముందు చేయవలసిన పనినే కవి యీ పద్యమున ఉపదేశించుచున్నాడు.

ప్రతిపదార్థము

కోవిదుండ = ఓయి పండితుడా; ముందు = లినక్సు ఎక్కింపక పూర్వమే; మూలము = కొన్ననాటినుండి లాప్‌టాప్‌లోనున్న సిస్టమును; ఎత్తి = ఉన్నదున్నట్లు పైకి తీసి; మూటగట్టక = ఒక్క ఇమేజిగా కట్టి పెట్టుకొనక; నీవు = తొందరపాటు గల నీవు; డిస్కు = డిస్కును; చెఱుపఁబోకు = ఫార్మాటు చేయబూనకుము; చేటు వచ్చు = కీడు మూడును; తీసి = ఆ ప్రతిని తీసి; దాఁచి = ఆ లాప్‌టాప్‌లో గాక వేరొక డిస్కులో దాచి; దానిన్ = ఆ దాచినదానిని; తెఱచి చూచిన వెన్క = సరిగా నున్నదో లేదో పరీక్షించిన పిమ్మట; కొత్త పక్షిన్ = పెంగ్విను పక్షిని, అనగా లినక్సును; ఎక్కు = ఎక్కింపుము.

తాత్పర్యము

పాతదానికి ప్రతి తీసి, ఆ ప్రతిని పరీక్షించి, పిదప కొత్తది పెట్టుకొమ్మని భావము.

విశేషములు

మూలమనగా సీ డ్రైవే కదా యని బాలురు భ్రమింతురు. ఆ భ్రమయే సకలానర్థములకు బీజము. డిస్కు చూపునకు ఒక్కటే యైనను లోపల ఖండఖండములుగా నుండును: యంత్రము మేల్కొనగనే ఎవరిని లేపవలయునో చెప్పు ఈఎఫ్ఐ ఖండ మొకటి, డ్రైవునకు ఉండవలసిన అక్షరమునకు నోచుకొనక, ఒక్క ఫైలునైనను ధరింపక, మైక్రోసాఫ్టువారి పేర ఊరక పడియుండు 16 మెగాబైట్ల ఖండ మొకటి, విండోసు కాపురముండు సీ ఖండము, ఆ విండోసునకు జబ్బుచేసినపుడు చికిత్స చేయుటకు వెనుక దాగియుండు రికవరీ ఖండము. వీనిలో సీ తక్క తక్కినవి సామాన్యదృష్టికి గోచరింపవు. కావున సీలోని ఫోల్డర్లను పెన్‌డ్రైవులోనికి లాగి "బ్యాకప్ అయిపోయింది" అని చేతులు దులుపుకొనువాడు ఫైళ్లను దాచుకొన్నవాడే గాని మూలమును ఎత్తినవాడు కాడు.

పూర్వము కంపెనీవారు పెట్టెతోపాటు సీడీల నిచ్చెడివారు. పిదప ఆ ఖర్చును మాని, సరుకునంతయు డిస్కులోని చాటుఖండమున దాచి, డీవీడీలు మీరే కొని మీరే కాల్చుకొనుడనిరి. కాల్చుట యనగా వ్రాయుటయే, పాఠకులు భయపడవలదు. ఆ కాల్చుటను సైతము పెక్కు కంపెనీలు ఒక్కసారికి మించి సాగనీయలేదు. నేడు డీవీడీ పెట్టుటకు లాప్‌టాప్‌నకు నోరే లేదు.

ఇచట పూర్వపక్షి లేచుచున్నాడు. "అయ్యా, 2012లో విండోసు 8 వచ్చినది మొదలు కంపెనీ లాప్‌టాప్‌లలో లైసెన్సు కీ డిస్కులో గాక మదర్‌బోర్డులోని ఫర్మ్‌వేరులోనే నిలుపబడుచున్నది, డిస్కును ఎన్నిమార్లు తుడిచినను అది చెరగదు, విండోసు ఇన్‌స్టాలరన్ననో మైక్రోసాఫ్టువారే ఉచితముగా దింపుకొననిచ్చుచున్నారు. ఇక మూట యెందులకు?" ప్రశ్న ఉచితమే. దీనికి సమాధానము: దింపుకొన్నది విండోసు అగును గాని ఆ లాప్‌టాప్ కాదు. కంపెనీవారు ఆ స్పీకరునకు, ఆ టచ్‌ప్యాడునకు, ఆ వేలిముద్ర మీటకు తగినట్లు కుదిర్చిపెట్టిన డ్రైవర్లు వేరు. తండ్రి పెట్టుకొన్న ట్యాలీ వేరు. దానిలోని పద్దులు వేరు. ఇవన్నియు కలిసి పనిచేయుచున్న ఆ ఒక్క స్థితియే ఇచట మూలమని కవి హృదయము. కీ మదర్‌బోర్డులో నున్నంత మాత్రమున ఇంటిలోని సామాను తిరిగి రాదు.

ఎత్తుట యెట్లనిన, మార్గములు మూడు. విండోసులోనే రికవరీ డ్రైవును తయారుచేయు ఉపాయమున్నది. సిస్టం ఫైళ్లతో కూడ కావలెనన్న 16 జీబీకి తగ్గని పెన్‌డ్రైవును సమర్పింపవలయును, ఆ పెన్‌డ్రైవులో అంతకుముందున్న పెండ్లిఫొటోలు తుడిచిపెట్టుకొనిపోవును. ఇది విండోసును బ్రదికించును గాని మన ఫైళ్లును, మనము వేసికొన్న ప్రోగ్రాములును ఇందులో నుండవు. మన యజమానికి ట్యాలీ దక్కదు. రెండవది క్లోన్‌జిల్లా. ఇది తైవానులోని జాతీయ సూపర్‌కంప్యూటింగు కేంద్రమున పుట్టినది. పెన్‌డ్రైవునుండియే మేల్కొని, విండోసు నిద్రించుచుండగా డిస్కులోని సమస్తఖండములను, వాడుకలోనున్న గడులను మాత్రమే ఏరి, నొక్కి, బయటి హార్డ్‌డిస్కులో మూటగట్టును. అందుచేత 512 జీబీ డిస్కులో 60 జీబీ సరుకున్న, మూట అంతకంటెను చిన్నదగును. నా మతమున ఇదియే ఉత్తమమార్గము. మూడవది డీడీ యను పురాతన యంత్రము. ఇది నిండినది ఖాళీ యను వివక్ష యెరుగని పరమసమదర్శి. 512 జీబీ డిస్కునకు 512 జీబీ ప్రతినే తీయును. దీనికి రెండు మాటలు చెప్పవలయును: "ఇఫ్" అన్నచో ఎక్కడినుండి, "ఆఫ్" అన్నచో ఎక్కడికి. ఆ రెంటిని తారుమారు చేసినవాని కొత్త హార్డ్‌డిస్కులోని శూన్యము వచ్చి లాప్‌టాప్‌లోని సర్వస్వమును మ్రింగును, యంత్రము "నిజమా?" యని యడుగదు. కర్తృకర్మల వ్యత్యయము కావ్యములో దోషము మాత్రమే, ఇచట ఉరిశిక్ష.

ఎత్తుటకు ముందు రెండు చిక్కులున్నవి, కవి వానిని పద్యములో ఇమిడ్పలేకపోయెను. విండోసును షట్‌డౌన్ చేసినను అది నిజముగా నిద్రపోదు, ఫాస్ట్ స్టార్టప్ అను మిషచేత సగము మెలకువతో నుండి, డిస్కును తన గుప్పిట విడువదు, దానిని ఆపవలయును. మరియు నేటి లాప్‌టాప్‌లు పెక్కింటిలో యజమానికి తెలియకుండగనే బిట్‌లాకరు బీగము పడియుండును. బూటు వరుస మార్చి, సెక్యూర్ బూటు తీసి వచ్చినవానిని అది అపరిచితునిగా భావించి 48 అంకెల రికవరీ కీ చెప్పుమనును. ఆ 48 అంకెలు ముందే కాగితముపై వ్రాసికొనవలయును, లేదా బీగమునే విప్పింపవలయును. బీగముతోనే ఎత్తిన మూటలో అక్షరములకు మారుగా అయోమయముండును.

చేటు వచ్చు నన్నాడు గదా, ఎట్టి చేటు? పోయినదానిని మరల తీసికొనవచ్చునను ధైర్యము పాత డిస్కులనాటిది. నేటి ఎస్ఎస్‌డీలు, ఈ ఫైలు అక్కరలేదని సిస్టము చెప్పిన మాత్రమున, తీరికవేళ చూచి ఆ గడులను తుడిచివేయును. పిదప ఏ మాంత్రికుడును వానిని లేపజాలడు. దీనికి దృష్టాంతము వెదకుచు దూరము పోనక్కరలేదు. బేతంచెర్లకు సమీపముననే బిళ్లసర్గము గుహలున్నవి. 1844లో న్యూబోల్డు వానిని గూర్చి వ్రాసెను. హక్స్‌లీ ప్రేరణతో మద్రాసు గవర్నరు గ్రాంట్ డఫ్ పురికొల్పగా 1884లో భూగర్భశాఖకు చెందిన రాబర్ట్ బ్రూస్ ఫుట్ త్రవ్వకములు ఆరంభించెను. ఆయన కుమారుడు హెన్రీ ఆ పనిని సాగించెను. వారు ఒక గుహకు ఎముకల కొట్టను అర్థము వచ్చునట్లు చార్నెల్ హౌస్ అని పేరిడిరి. దొరకిన ఎముకలను పరిశీలించిన లిడెకర్ 1886లో అందొక ఖడ్గమృగమును గుర్తించి, కర్నూలు పేరు చేర్చి దానికి రైనోసెరస్ కర్నూలియెన్సిస్ అని నామకరణము చేసెను. ఈ సీమలో ఖడ్గమృగము తిరిగినదని మనకు తెలియుట ఏ ఎముక ఏ పొరలో దొరకినదో ఆనాడే వ్రాసికొన్న శ్రద్ధవలననే. గుహలోని మట్టిపొరను త్రవ్వి బయటవేసిన పిదప మరల యథాస్థానమున పరచుట ఎవ్వరి తరమును కాదు. పార పడకముందు వ్రాసికొన్నదే మిగులును. డిస్కును ఫార్మాటు చేయుట అట్టి త్రవ్వకమే, ఐనను పురాతత్త్వజ్ఞుని కున్న ఓపికలో వేయవవంతు మన ఇంజనీరింగు కుమారునికి లేదు.

ఇక మూడవ పాదము. వ్యాఖ్యాతలు సామాన్యముగా మొదటి పాదమున విజృంభించి మూడవ పాదమున కునుకుదురు. ఈ పద్యమునకు ప్రాణమన్నచో "తెఱచి చూచిన" అను మాటలోనే యున్నది. ప్రతి తీసితినన్న తృప్తి వేరు, తీసినది ప్రతియే యను నిశ్చయము వేరు. 1820 ప్రాంతమున కడపకు వచ్చిన బ్రౌను దొర సొంత సొమ్ముతో పండితులను పెట్టి తాళపత్రములకు ప్రతులు వ్రాయించినపుడు, ఒక్క ప్రతితో తృప్తిపడక, ఒక్కొక్క గ్రంథమునకు పలుప్రతులు తెప్పించి సరిచూపించెను. వ్రాయసకాడు కునుకుపాటున ఒక పంక్తి విడిచిన, ఆ విడుపును తరువాతి వ్రాయసకాండ్రందరు భక్తితో అనుసరింతురని ఆయన కెరుకే. యంత్రమునకు కునుకు లేదు గాని, పెన్‌డ్రైవునకు చెడ్డగడులు కలవు, కేబులునకు వదులు కలదు, ఊరికి కరెంటుకోత కలదు. క్లోన్‌జిల్లాలో ఇమేజిని సరిచూచు ఎంపికయే యున్నది; చాలమంది సమయము పట్టునని దానిని దాటవేయుదురు. ఒక్క ఫైలుగా తీసినవారు ఎస్‌హెచ్ఏ 256 మొత్తమును కట్టిన, 64 అక్షరముల ముద్ర యొకటి వచ్చును. దాచినచోట మరల కట్టినను అదే ముద్ర రావలయును, ఒక్క అక్షరము తేడా వచ్చినను మూట చెడినట్లే. అంతకంటెను గట్టి పరీక్ష కావలెనన్న వేరొక డిస్కులోనికి ఆ మూటను విప్పి, దానినుండి విండోసు లేచునా, ట్యాలీ తెరచుకొనునా యని చూడవలయును. తెరచి చూడని బ్యాకప్‌ను బ్యాకప్ అనుటకు నేను ఒప్పుకొనను. కవియు ఒప్పుకొనడు, ఈ విషయమున మే మిరువురము ఏకాభిప్రాయులము.

కొత్త పక్షి యనగా గరుత్మంతుడని అర్థము చెప్పబోవు వైష్ణవ వ్యాఖ్యాతలకు నమస్కారము. 1991లో ఫిన్లండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్సును లోకమునకు వెల్లడింపగా, 1996లో లారీ యూయింగ్ దానికి బొద్దుగా కూర్చున్న పెంగ్వినును చిహ్నముగా చిత్రించెను. ఆ పక్షి తెలుగు మాటాడుటయు నేర్చినది, హైదరాబాదునందలి స్వేచ్ఛ సంస్థవారు తెలుగు లినక్సును సిద్ధపరచిరి. ఎగురలేని పక్షిని ఎక్కుట యెట్లు, ఎక్కినను ఎక్కడికి పోవుట యను ఆక్షేపణకు సమాధానము వ్యాకరణమున దొరకును: ఇచట "ఎక్కు" అంతర్భావిత ణ్యర్థము, అనగా ప్రేరణార్థమును కడుపులో దాచుకొన్న ధాతువు, ఎక్కుట మనము కాదు, లాప్‌టాప్‌పైకి పక్షిని ఎక్కించుట. సీ ఖండమును కొంత కుదించి విండోసును లినక్సును పక్కపక్కన నిలుపుటకును ఈ అర్థము చక్కగా చెల్లును, ట్యాలీగల ఇండ్లలో అదియే లోకజ్ఞానము; కుదించుటకు ముందు సైతము మూట తప్పదు.

తుదకొక మాట. "లినక్సు" జగణమగుటచే ఆటవెలదిలో ఇముడదని, అందుచేతనే పక్షిని ఆశ్రయించితినని కవి చెప్పుకొనుచున్నట్లు వినికిడి. ఇది ఒట్టి సాకు. మాటను గణముల నడుమ విరిచినచో హాయిగా ఇముడును: "పిదప నా లినక్సు పెట్టవయ్య" అను పాఠమున గణములు సరిపోయినవి, పి-పె యతి కుదిరినది, అర్థమునకు టీక యక్కరలేదు. కవి ఈ పాఠమును చూచి, మెచ్చి, అప్పటికే వ్యాఖ్యాత పెంగ్వినును గూర్చి పేరాగ్రాఫు వ్రాసియుండుటచే పక్షినే ఉంచెను.