వాట్సాప్ సందేశం: సటీకా తాత్పర్యం

అవతారిక: కాళిదాసు మేఘసందేశానికి కోలాచల మల్లినాథసూరి 'సంజీవని' అనే వ్యాఖ్య రాశాడు. మనకు దొరికింది వాట్సాప్ సందేశం. ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కించి అమ్మే నాయకుడు, తన వెబ్‌సైటు కట్టిన నంద్యాల డెవలపరుకు దీన్ని పంపాడు. నడుమ సుమారు 40 కిలోమీటర్ల హైవే.

మూలం: "అన్నా, నీ కాడ సిస్టంలో బిరబిరా వస్తాంది. నా సెల్లులో రాదు. వచ్చినా, నొక్కితే పలకదు. ఏందన్నా ఇది?"

ప్రతిపదార్థం: అన్నా = ఓ డెవలపరూ; నీ కాడ = ఫైబర్ కనెక్షన్ గల నీ ఆఫీసునందు; సిస్టంలో = వెడల్పాటి తెరపై; బిరబిరా = రెప్పపాటులో; నా సెల్లులో = అరచేతి తెరపై; రాదు = వచ్చును గాని, కొనేవాడు వెళ్లిపోయాక వచ్చును; నొక్కితే = 'రేటు అడగండి' బటనును వేలితో తాకగా; పలకదు = బదులీయదు. పలకని విగ్రహాలు అమ్మేవాడికి పలకని పేజీ మీద కోపమేమిటని శంకించరాదు. విగ్రహాన్ని ఎవరూ రేటు అడగరు గదా.

అలంకారం: ఒకే పేజీకి వేగం, మాంద్యం రెండూ చెప్పడం చేత విరోధాభాస.

పూర్వపక్షం: "ఆడ టవర్ సరిగా ఉండదు" అని ఒక మతం. చెల్లదు; అదే సెల్లు వైఫైలోనూ మొరాయిస్తోంది. "బ్రౌజర్ కిటికీ కుదించి చూశా, బాగానే ఉంది" అని డెవలపరు మతం. అదీ చెల్లదు. కుదిస్తే తగ్గేది వెడల్పే, ప్రాసెసర్ బలం కాదు. క్రోమ్ డెవ్‌టూల్స్‌లో మొబైల్ వేషం కట్టించినా అంతే. సీపీయూను నాలుగింతలు మందగింపజేసి, నెట్‌వర్క్‌ను 'స్లో 4జీ'కి దించితే గాని గుట్టు బయటపడదు.

సిద్ధాంతం: 'రాదు' అన్న దోషం బొమ్మలది. 4000 పిక్సెళ్ల వెడల్పున్న నరసింహస్వామి ఫొటో 720 పిక్సెళ్ల తెరకూ అలాగే దిగుతోంది. అరచేతి విగ్రహం అడిగినవాడి ఇంటికి ధ్వజస్తంభం తోలినట్టు. సీఎస్ఎస్ దాన్ని చిన్నదిగా చూపిస్తుందే గాని బరువు తగ్గించదు. హెచ్‌టీఎంఎల్‌లో ఎస్ఆర్‌సీసెట్ (srcset) రాసి తెరకు తగిన కొలత పంపడమే పరిహారం.

'పలకదు' అన్న దోషం స్క్రిప్టులది. స్లైడరు, చాట్ పెట్టె, ట్రాకర్లు అన్నీ ఒకే మెయిన్ థ్రెడ్డు మీద పడతాయి. అది జావాస్క్రిప్టు నములుతున్నంతసేపూ వేలి మాట వినదు. దీన్ని కొలవడానికే గూగుల్ 2024 మార్చిలో ఐఎన్‌పీని, అంటే 'ఇంటరాక్షన్ టు నెక్స్ట్ పెయింట్'ను, ప్రధాన కొలమానాల్లో చేర్చింది. 200 మిల్లీసెకన్లలోపు బదులిస్తే మేలు. 500 దాటితే దోషం.

విశేషం: 2010లో ఈథన్ మార్కాట్ ప్రతిపాదించిన రెస్పాన్సివ్ డిజైన్ పేజీకి ఒదగడం నేర్పింది. మన డెవలపరు అక్కడితో చదువు ఆపాడు.

తాత్పర్యం: తెర చిన్నదై పేజీ మందగించలేదు. పెద్ద తెరకు, బలమైన యంత్రానికి వండిన బరువంతా చిన్న ఫోను మీద పడి మందగించింది. కనుక పరీక్ష చేయాల్సింది కట్టినవాడి యంత్రం మీద కాదు, వాడేవాడి సెల్లు మీద.

ఫలశ్రుతి: ఈ టీక చదివి, బస్సెక్కి ఆళ్లగడ్డ పోయి, ఆ సెల్లును యూఎస్‌బీ కేబులుతో తన ల్యాప్‌టాప్‌కు తగిలించి చూసినవాడికి దోషం కంటపడుతుంది. తక్కినవారికి "క్యాష్ క్లియర్ చేసి చూడన్నా" అనే మంత్రమే దిక్కు.