పుట్టింటికి పోతే మొగుడు వద్దన్నట్టే!

పెళ్లి నిజమైనదేనని అమెరికా ఇమిగ్రేషన్ శాఖను నమ్మించడం అంత తేలిక కాదు. కరీంనగర్‌లో తలంబ్రాలు పోసుకున్న ఫొటోలు, సబ్‌రిజిస్ట్రార్ ముద్ర, ఇద్దరి పేర్లున్న బ్యాంకు ఖాతా, అద్దె అగ్రిమెంటు అన్నీ ముందు పెట్టినా నెలల తరబడి 'చూద్దాం' అనే అంటుంది. అదే ఆ పెళ్లికూతురు తన తండ్రి పోయాడని శంషాబాద్‌కు విమానమెక్కితే మాత్రం చూడాల్సిందేమీ ఉండదు. అడ్వాన్స్ పెరోల్ అనే ప్రయాణ అనుమతి చేతిలో లేకుండా దేశం దాటింది కాబట్టి, గ్రీన్‌కార్డు కోసం వేసిన ఐ-485 దరఖాస్తును తానే వదులుకుందని లెక్క. పెద్దకర్మకు రాకపోతే మంచిర్యాల ఆడిపోసుకుంటుంది, వస్తే వాషింగ్టన్ కాగితం కొట్టేస్తుంది.

పోనీ, గడప దాటినవాళ్లకు కాపురం మీద మనసు లేదనే అనుకుందాం. ఆ సూత్రమైనా అందరికీ ఒక్కటిగా ఉండాలి కదా! పక్క ఫ్లాటులో హెచ్-1బి భర్తతోపాటు దరఖాస్తు వేసిన హెచ్-4 ఇల్లాలు, వీసా చెల్లుతున్నంతకాలం సద్దుల బతుకమ్మకు నిర్మల్ వచ్చి, ఆడి పాడి, సకినాలు మూటగట్టుకుని తిరిగి పోవచ్చు. ఆమె దరఖాస్తుకు ఢోకా లేదు. చదువుకోవడానికి ఎఫ్-1 మీద పోయి అక్కడి పౌరుణ్ని పెళ్లాడిన పిల్ల అదే విమానంలో వస్తే ఆమె కాగితాలు బుట్టదాఖలు. ఒకామె మనసు మొగుడి దగ్గరే ఉందని, ఇంకొకామెది లేదని కనిపెట్టే యంత్రమేదో ఆ శాఖ దగ్గర ఉండి ఉండాలి. లేదంటే చట్టం చూస్తున్నది మనసును కాదు, వీసా రకాన్ని.

'అనుమతి అడిగితే ఇస్తారుగా' అంటారు. ఇస్తారు, కానీ 2024 ఏప్రిల్ 1 నుంచి ఐ-485కు 1,440 డాలర్లు కట్టినవాళ్లు దీనికి విడిగా మరో 630 కట్టాలి. అంతకుముందు రెండూ కలిపి వేస్తే ఈ రుసుము ఉండేది కాదు. కట్టాక ఎదురుచూడాలి. మన దగ్గర శవం అన్ని రోజులు ఆగదు. దొంగ పెళ్లిళ్లను అరికట్టాలి కదా అనే వాదన ఇంకా ముచ్చటైనది. అందుకు 1986 నాటి చట్టం ఉండనే ఉంది: పెళ్లయి రెండేళ్లు నిండకముందే వచ్చిన గ్రీన్‌కార్డు రెండేళ్ల షరతుతోనే వస్తుంది. పైగా కార్డు కోసం తాళి కట్టిన మోసగాడు అది చేతికొచ్చేదాకా ఎక్కడికీ కదలడు. ఈ ప్రయాణ నియమానికి దొరికేది వెనక అమ్మానాన్నలున్న అసలు సిసలు భార్యాభర్తలే.

అమెరికానే తిట్టి ఊరుకుంటే గల్ఫ్ వలసలున్న జగిత్యాల, సిరిసిల్ల నవ్వుతాయి. దుబాయిలో భార్యను పిలిపించుకోవాలంటే నెలకు 4,000 దిర్హాములు, లేదా వసతితో 3,000 జీతం ఉండాలి. అంత రాని కూలీ భార్యకు దరఖాస్తే లేదు, ఇక పెండింగు బాధెక్కడిది? ఆ భాగ్యం దక్కినామె కూడా కాన్పుకు పుట్టింటికొచ్చి ఆరు నెలలు దాటితే, సాధారణంగా నివాస వీసా పోయినట్టే.

అమెరికాలో బిడ్డ దరఖాస్తు నడుస్తున్న తల్లిదండ్రులకు ఒక్క మాట. అడ్వాన్స్ పెరోల్ కోసం ఐ-131 దరఖాస్తు వేసిన రసీదు అనుమతి కాదు. అసలు పత్రం చేతికి రాకుండా బిడ్డను విమానమెక్కమనకండి. ఆ పత్రం ఉన్నా, తిరిగి లోపలికి రానిచ్చేదీ లేనిదీ విమానాశ్రయంలో అధికారి చేతిలోనే ఉంటుంది.